కొలిమి చెంత పరిశోధన



రాయ్‌పూర్ నగరమునుండి బిలాస్‌పూర్ పోవు మార్గమున ఉత్తరముగా సాగి భన్‌పురి దాటిన పిమ్మట, గాలిలో బొగ్గువాసన చిక్కబడి, దారిప్రక్క చెట్ల ఆకులమీద ఎర్రధూళియు నల్లధూళియు పొరలు పొరలుగా కనబడుచోట బీర్‌గావ్ ప్రారంభమగును. ఒకనాడు పల్లె, నేడు స్వంత నగరపాలక సంస్థ గల పట్టణము. దాని నానుకొని ఉర్లా పారిశ్రామికవాడ, మరికొంత ఉత్తరమున సిల్తరా. ఇనుమును కరగించు ఇండక్షన్ ఫర్నేసులు, కడ్డీలు లాగు రోలింగ్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ కర్మాగారములు, స్పాంజ్ ఐరన్ కిల్నులు, వీని నడుమ వేలకొలది కుటుంబముల కాపురములు. 1931లో విజయనగరమునుండి రాయ్‌పూర్ వరకు రైలుమార్గము పూర్తియైన నాటినుండి మన ఉత్తరాంధ్ర జనము బ్రతుకుతెరువు వెదకికొనుచు ఈ దిక్కునకు వచ్చుచునే యున్నారు. అందుచేత ఇచ్చట షిఫ్టు మారు వేళ గేటుకడ నిలిచి వినినచో ఛత్తీస్‌గఢీ, హిందీ, ఒడియా మాటల నడుమ శ్రీకాకుళపు యాస చెవినబడుట వింత గాదు.

రాయ్‌పూర్ నగరమున, ఇచ్చటినుండి గంటలోపున చేరదగిన దూరములో, జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు. 1956లో గనుల, లోహశాస్త్రముల ప్రభుత్వ కళాశాలగా అది పుట్టినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దానికి శంకుస్థాపన చేసిరి. 1963లో ప్రధాని నెహ్రూ భవనమును ప్రారంభించిరి. పొరుగున భిలాయిలో సోవియట్ దేశపు సాయముతో ఉక్కు కర్మాగారము లేచుచున్న కాలమది. 1959లో అచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినవారును రాజేంద్రప్రసాదే. గనిని, లోహమును తన పేరులోనే పెట్టుకొని, కొలుములకొరకే పుట్టిన విద్యాలయమునకును, ఆ కొలుములకును నడుమ రహదారి కొలతనుబట్టి దూరము స్వల్పము. అయినను పరిశోధక విద్యార్థి మనస్సులో ఆ దూరము ఎంత పెరిగినదో, దానిని తగ్గించు మార్గమేదో, ఈ ప్రసంగమున నా యెరిగినంత విన్నవింతును.

మొదట ఒక లెక్క చెప్పెదను. ఒక ఆచార్యుడు తన ఉద్యోగకాలమున పదిమందినో పదునైదుగురినో డాక్టరేటు పట్టభద్రులుగా తీర్చిదిద్దునని అనుకొందము. ఆయన పదవీవిరమణ చేసిననాడు ఖాళీయగు పీఠము ఒక్కటే. క్రొత్త కళాశాలలు పుట్టుచుండవచ్చును, కొన్ని పీఠములు హెచ్చవచ్చును. ఐనను ఆ పదిమందిలో ఎక్కువమందికి బోధకవృత్తి దొరకదనుట కూడిక తీసివేత వచ్చిన ప్రతివారికిని తెలిసిన సంగతి. మరి ఐదారేండ్లు వారిని మనము దేనికి సిద్ధపరచుచున్నాము? పత్రికలకు వ్యాసములు వ్రాయుటకు, సభలలో పటములు చూపుటకు, చివరకు తమ గురువువంటి వారగుటకు. ఫ్యాక్టరీకి పోవువానిని చూచి, "పాపము, లెక్చరరు పోస్టు రాలేదట" అని జాలిపడు బంధువులు మన ఊళ్లలో నేటికిని కలరు. ఆ జాలిమాటను నేను స్వయముగా విన్నవాడను. అది తప్పుడు జాలి. ఆ మాట వినివిని, పరిశ్రమను ఓడినవాని ఆశ్రయముగా తలంచు బుద్ధి చదువుకాలముననే విద్యార్థికి పట్టుచున్నదిగదా యని నా బాధ.

నా కథ కొంచెము చెప్పవలసియున్నది. నేను లోహశాస్త్రమున పరిశోధన చేసి, డాక్టరేటు చేతబట్టుకొని, ఇచ్చటి ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారమున కొలువునకు చేరితిని. కిల్ను అనగా ఏమో ఎరుగని శ్రోతలుందురు. లోపల అగ్ని నోర్చు ఇటుకలు పేర్చిన పొడవైన ఇనుపగొట్టము అది. రోజునకు 100 టన్నులు తీయు చిన్న కిల్నే 40 మీటర్లకు పైబడిన పొడవుండును. కొలదిగా వాలుగా పరుండబెట్టిన ఆ గొట్టము, నిమిషమునకు ఒక చుట్టైన పూర్తికానంత నిదానముగా తిరుగుచుండును. ఎగువనుండి ఇనుపఖనిజము, బొగ్గు, కొంత డోలమైటు లోనికి పోవును. దిగువనుండి మరికొంత బొగ్గును గాలితో ఊదుదురు. సుమారు వేయి డిగ్రీల వేడిలో ఖనిజములోని ప్రాణవాయువును బొగ్గునుండి పుట్టిన వాయువు లాగివేయును. ఖనిజము కరగదు, రూపు మారదు, రాయి రాయివలెనే యుండి లోపల లోహమగును. పిమ్మట చల్లార్చి, అయస్కాంతముతో ఇనుమును బూడిదబొగ్గునుండి వేరుచేయుదురు. తేనెతుట్టెవలె రంధ్రములతో నిండియుండును గనుక దానికి స్పాంజ్ ఐరన్ అని పేరు. ఉర్లాలోని ఇండక్షన్ ఫర్నేసులకు అదియే ఆహారము. మన ఇండ్లకప్పులలోని కడ్డీలలో చాలభాగము ఇట్లు పుట్టినదే.

నా సిద్ధాంతగ్రంథమంతయు ఈ క్రియ వేగమును గురించినది. 50 గ్రాముల ఖనిజమును, జల్లించి, ఎండబెట్టి, ఒకే బస్తాలోని బొగ్గుపొడితో చిన్న కొలిమిలో నుంచి, తరుగుచున్న బరువును సూక్ష్మమైన త్రాసుతో కొలిచితిని. గీతలు చక్కగా వచ్చినవి. కర్మాగారమున చేరిన కొన్ని వారములకే, కిల్ను నడుమభాగమున వేడిని మరికొంత హెచ్చించినచో లోహశాతము పెరుగునని ఆ గీతల బలముతో సలహా యిచ్చితిని. పైవారు నా డిగ్రీని మన్నించి అంగీకరించిరి. మూడు దినములు లోహశాతము పెరిగినమాట నిజము. నాలుగవ దినమున దిగువవాకిటినుండి వచ్చు సరకు తగ్గినది. గొట్టముపొడవునా బిగించిన, వేడిని కొలుచు థర్మోకపుల్స్‌లో ఒకటి చూపు అంకె ప్రక్కవానితో పొంతన లేక తూగాడెను. ఆనాడు రాత్రి షిఫ్టులో కిల్ను నడపు పెద్దాయన, శ్రీకాకుళము జిల్లానుండి యౌవనముననే ఇచ్చటికి వచ్చినవాడు, నన్ను బొగ్గుగుట్టకడకు తోడ్కొనిపోయి ఒక గుప్పెడు తీసి నా చేతిలో పెట్టెను.

"నిన్నటి బొగ్గు కాదు బాబూ ఇది. బూడిదెక్కువ, తడిసిపోనాది కూడాను. ముట్టుకుని సూడండి," అనెను.

ముట్టుకొని చూచితిని. నా ప్రయోగశాలలో అట్టి బొగ్గు ఎన్నడును లేదు. బొగ్గులోని బూడిదయు, ఖనిజపు నుసియు కలసి, నేను హెచ్చించిన వేడిలో మెత్తబడి, ఇటుకగోడకు అంటుకొని, ఆ యంటుకొన్నదానిపై మరల అంటుకొని, గొట్టములోపల ఒక వలయము పెరిగినది. దానిని రింగు అందురు. అది గొంతువాపువలె త్రోవను మూయును. కిల్నును నియమితకాలమునకు ముందే ఆపవలసివచ్చినది. చల్లారుటకు దినములు పట్టెను. పిమ్మట మనుష్యులు లోపల దూరి దానిని పగులగొట్టవలసివచ్చెను. ఈ నష్టము నా వలననే కలిగెను. గీతలు తప్పు కావు. ఆ గీతలు ఏ లోకమునకు చెందినవో తెలియక వేరొక లోకమునకు వానిని వర్తింపజేయుట నా తప్పు. ఐదేండ్ల చదువులో ఈ భేదమును నాకు చూపినవారు లేరు. చూపుమని నేనును ఎవరిని అడుగలేదు.

ఇట్టి యనుభవము నా ఒక్కనిదేయైనచో దీనిని రేడియోలో చెప్పబోను. పిమ్మట ఎందరో యువ డాక్టర్లు నా కండ్లయెదుట ఇదేరీతిని తడబడిరి. కొందరు ఆరునెలలకే నొచ్చుకొని వెడలిపోయిరి.

ఇట్టి తడబాటును తప్పించు బడి ఎట్టిదో ఒకప్పుడు మన తెలుగునేలనే కనబడినది. స్పాంజ్ ఐరన్ విద్యకును ఆ నేలకును గల సంబంధము చాలమంది మరచిరి. నేడు మన దేశము స్పాంజ్ ఐరన్ ఉత్పత్తిలో లోకమునకెల్ల మొదటిది; రాయ్‌పూర్ పరిసరములు ఆ పరిశ్రమకు పెద్ద నెలవు. కాని బొగ్గుతో దీనిని చేయు తొలి కర్మాగారము మన దేశమున వెలసినది నాటి ఖమ్మముజిల్లా పాల్వంచలో. 1975లో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ అను ప్రభుత్వసంస్థ ఏర్పడెను. ఐక్యరాజ్యసమితి సంస్థల సాయముతో, సంవత్సరమునకు 30,000 టన్నుల కర్మాగారము 1980లో పని మొదలిడెను. కోకుగా మారని మన బొగ్గుతో, మన ఖనిజముతో ఈ క్రియ నడచునా యని పరీక్షించి చూపుటకే దానిని నిలిపిరి. ఆ కర్మాగారము ఒక ప్రయోగశాల. కాని త్రాసుతట్టలో గాక నిజమైన గొట్టములో, నిజమైన బొగ్గుతో, నిజమైన కూలివానితో నడచిన ప్రయోగశాల. నేటి పరిశోధక విద్యార్థికి కావలసిన బడి అట్టిది. 2010లో ఆ సంస్థ జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలో కలిసిపోయినది.

మనవారిలో విద్యాలయమునుండి కర్మాగారమునకు గల దూరమును దాటినవారు లేకపోలేదు. తెనాలికి చేరువ యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు తోలు సాంకేతిక శాస్త్రమును చదివి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, మద్రాసులోని కేంద్ర చర్మపరిశోధనా సంస్థకు తిరిగివచ్చిరి. చర్మపుపని అనగానే ముక్కు మూసికొను సమాజములో, ఆ సంస్థకు డైరెక్టరై, టానరీవాండ్ల సున్నపుగుంటలకును, తొట్లకును శాస్త్రమును చేర్చిరి. సంస్థకు ఒకప్రక్క కళాశాల, వేరొకప్రక్క టానరీలు. విద్యార్థి చదువుచుండగనే తొట్టి చూచెడివాడు. పచ్చితోళ్లను, సగము పదునుపెట్టిన తోళ్లను విదేశములకు పంపిన దేశము, తయారైన తోలును, చెప్పును పంపదగిన స్థితికి వచ్చుటలో ఆయన కృషి తక్కువది కాదు. 1985 జూన్‌లో కనిష్క విమానమున బాంబు పేలినప్పుడు ఆయన అసువులు బాసిరి.

తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డిగారి దారి వేరొకటి. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో 1969లో కెమికల్ ఇంజనీరింగున డాక్టరేటు ముగించి, ఆయన పోయినది కళాశాలకు గాదు. హైదరాబాదులోని, సోవియట్ సాయముతోనే లేచిన ఐడీపీఎల్ మందుల కర్మాగారమునకు. అచ్చట కొన్నేండ్లు రియాక్టర్ల నడుమ గడపిన పిమ్మటనే స్వంత పరిశ్రమలకు పూనుకొని, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీసును స్థాపించిరి. ఆ సంస్థ పేరులో "డాక్టర్" అను బిరుదు నిలిచియుండుట నాకు ఎప్పుడును సంతోషము కలిగించును. ఆ బిరుదు సంపాదించినది రసాయనపు సాంకేతికవిద్యలో, వినియోగమైనది కర్మాగారమున. ఉద్యోగము దొరకక పోయినవాని కథ గాదది.

ఇంజనీరునకు డాక్టరేటు అనునదే సులభముగా దక్కినది కాదు. జర్మనీలో సాంకేతిక విద్యాలయములకు డాక్టరు బిరుదు నొసగు హక్కు లేకుండెను. విశ్వవిద్యాలయములు దానిని తమ సొత్తుగా భావించెడివి. 1899లో ప్రష్యా రాజు బెర్లిన్ చెంత షార్లొటెన్‌బుర్గ్ విద్యాలయమునకు ఆ హక్కు నిచ్చిననాటినుండి అచ్చట ఇంజనీరు డాక్టరైనాడు. డెన్మార్కులో విద్యార్థి ఒకేసారి సంస్థకు ఉద్యోగియు, విశ్వవిద్యాలయమునకు పరిశోధకుడునై మూడేండ్లు పనిచేయు పద్ధతి దశాబ్దములుగా నడచుచున్నది. మన దేశముననే సైన్సు ఇంజనీరింగు పరిశోధనా మండలియు, భారత పరిశ్రమల సమాఖ్యయు కలసి ప్రధానమంత్రి పేరిట నడపిన ఒక ఫెలోషిప్‌లో విద్యార్థి భృతిలో సగము ప్రభుత్వము, సగము సంస్థ భరించుచు వచ్చినవి. సగము డబ్బు పెట్టిన యజమాని విద్యార్థి ఏమి చేయుచున్నాడో అడుగును. ఆ అడుగుటలో ఎంతో శిక్షణ కలదు. మరియు విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022లో చేసిన నియమములలో, సిద్ధాంతగ్రంథమునకు ముందు పత్రికలో వ్యాసము ప్రకటించి తీరవలెనను నిర్బంధమును తొలగించినది. వ్యాసములకు పోవు ఆ సమయములో కొంత కిల్నుచెంతకు మరలినచో ఆ నియమమునకు నిజమైన ఫలము దక్కును. మరల ఏ ప్రయోగశాల మూలనో కరగిపోయినచో ఏమి లాభము?

ఇక చేయవలసిన పని. రెండవ సంవత్సరమున, పరిశోధనాంశము ఇంకను మెత్తగానున్నప్పుడే, విద్యార్థి కనీసము మూడునెలలు కర్మాగారములో గడపవలెనని నా యభిప్రాయము. చివరి సంవత్సరమున గాదు. అప్పటికి అంశము గట్టిపడి, కొలిమి చెప్పినను వినదు. మూడునెలలలో రాత్రి షిఫ్టులు తప్పక యుండవలెను, ఏలయన పగటిపూట మేనేజర్ల సమక్షమున కనబడని కష్టములెన్నో రాత్రివేళ బయటపడును. అతనికి ఇద్దరు గురువు లుండవలెను. ఒకరు ఆచార్యులు, ఒకరు షాపుఫ్లోరుమీది మనిషి. ఆ రెండవవాని మాట విద్యార్థి నోటుబుక్కులో, ఆ మనిషి చెప్పిన భాషలోనే ఎక్కవలెను. "కిల్ను బరువుగా తిరుగుచున్నది" అని ఆపరేటరు చెప్పినప్పుడు దానిని వెంటనే మోటారు ఆంపియర్లుగా మార్చివ్రాయుట తొందరపాటు. అతడు చెవితో విన్నదేదో, కాలిక్రింద ప్లాట్‌ఫారము అదరుటలో గ్రహించినదేదో మొదట తెలిసికొనవలెను. తర్వాత ఆంపియర్లు.

సిద్ధాంతగ్రంథము 200 పుటలు వ్రాయగల విద్యార్థికి, ఒక పుటలో యజమానికి అర్థమగునట్లు వ్రాయుట రాదు. ఇది నిజముగా కష్టమైన విద్య. ఏమి చేయవలెను, ఎంత ఖర్చు, తప్పినచో నష్టమెంత, ఎన్నాళ్లలో తెలియును అను నాలుగు ప్రశ్నలకు ముందు సమాధానము వ్రాసి, కారణములు క్రింద నుంచవలెను. మన చదువులో కారణములు ముందు, నిర్ణయము చివర. అలవాటు మార్చుటకు ఏడాది పట్టును; అందుకే చదువుచుండగనే మొదలుపెట్టవలెను. పూర్తి సమాచారము లేకుండ నిర్ణయము తీసికొనుట మరొకటి. ప్రయోగశాలలో సందేహము కలిగినచో మరియొక ప్రయోగము చేయుదుము. కిల్నులో సందేహము కలిగిన క్షణముననే ఫ్యానును హెచ్చింపవలెనో తగ్గింపవలెనో చెప్పవలెను, ఏమియు చెప్పకుండుట కూడ ఒక నిర్ణయమే యగును. పేటెంటు, గోప్యతా ఒప్పందము, జీతమును గురించిన బేరము, వీనిని విద్యాలయములు ఒక దినపు ఉపన్యాసముతో నేర్పగలవు. వానిపై నేను కాలహరణము చేయను.

ఒక ఆక్షేపణ కలదు, దానిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. పరిశ్రమ చెప్పినట్లు నడచినచో పరిశోధన కూలిపని యగునని, రేపటి లాభము చూచు యజమాని పదేండ్ల ప్రశ్న నడుగడని, విద్యార్థి చౌకగా దొరకు ఇంజనీరు మాత్రమే యగునని ఆచార్యులు భయపడుచున్నారు. ఆ భయము నిరాధారము కాదు. శాంపిళ్లు మోయించుటకు, రిపోర్టులకు అట్టలు వేయించుటకు విద్యార్థులను వాడుకొను చోట్లను నేను చూచితిని. అందుకనియే రెండవ సంవత్సరమున కర్మాగారమునకు పంపుమనుచున్నాను, మొదటి సంవత్సరమున గాదు. మొదట శాస్త్రము లోతుగా దిగవలెను. బూడిదలోని సిలికేటులు ఏ వేడిలో ఎందుకు మెత్తబడునో తెలియనివాడు వలయమును చూచినను రాయినే చూచును. డాక్టరేటు విలువ ఆ లోతులోనే యున్నది. దానిని పరిశ్రమకు అమ్ముకొని లోతు పోగొట్టుకొనుమని నేనెన్నడు చెప్పను.

పరిశ్రమవారికిని ఒక మాట. బీర్‌గావ్‌లోని చిన్న రోలింగ్ మిల్లు యజమాని ఒక డాక్టరుకు జీతమిచ్చి పోషింపలేడు. అతని లాభము టన్నుకు వచ్చు కొలది రూపాయలలో నుండును. ఐనను పదిమంది కిల్నుల యజమానులు కలసి ఒక పరిశోధకుని పోషించుట అసాధ్యము కాదు. అందరి గొట్టములకును అవే రింగులు, అందరి బొగ్గుకును అదే బూడిద, అందరి కార్మికుల ఊపిరితిత్తులకును అదే ధూళి. ఆ ధూళిని గురించి పరిశోధించువాడును వీరి విద్యార్థియే కావలెను. ఆకులమీది నల్లపొర ఇచ్చటి బిడ్డల పాలగ్లాసులోను పడుచున్నది. ఈ విషయమును తలంచినపుడు నాకు నిజముగా నిద్ర పట్టదు. ఉత్పత్తిని పెంచు విద్యతోపాటు ఈ ధూళిని పట్టు విద్యయు కిల్నుచెంతనే నేర్వవలెను.

ఇటీవలి ఒక సంగతి. విజయనగరముజిల్లా యువకుడొకడు, మరియొక విద్యాలయమున పరిశోధకుడు, ఇదే రింగును గురించి పనిచేయుచు మా యింటికి వచ్చెను. అదృష్టవశమున అప్పుడు ఒక కిల్ను ఆగి చల్లారియుండెను. అనుమతులన్నియు పొంది, తలకు టోపీ, నోటికి గుడ్డ కట్టించి, వానిని లోపలికి తీసికొనిపోయితిని. ఉలితో వలయమునుండి జానెడు ముక్క తీసిరి. విరిగిన అంచున పొరలు కనబడెను: ఒకటి బూడిదరంగు, ఒకటి ఎరుపు తిరిగిన నలుపు, ఒకటి గాజువలె మెరయునది, మరల బూడిదరంగు. వాడు ఆ ముక్కను కాగితములో చుట్టబోయెను. మైక్రోస్కోపునకు పంపుటకు తొందర. కిల్నువాకిట నిలిచియున్న ఆపరేటరు, నాకు ఒకనాడు గుప్పెడు బొగ్గిచ్చిన పెద్దాయన కొడుకు, చేయిచాచి దానిని తీసికొని టార్చివెలుగులో అటునిటు త్రిప్పి చూచెను.

"ఈ మెరిసేది వానల్లోది. ఆ వారమంతా నుసిబొగ్గే ఏసినారు," అనెను. పిమ్మట వేలితో లోపలికి లెక్కించుచు, "ఇది దసరా ఆపుకి ముందుది. ఇది మళ్లీ ముట్టించినప్పుడు," అని చెప్పుచు పోయెను.

విద్యార్థి కాగితమును క్రింద పరచి, అచ్చటనే, కిల్ను నోటికడ ఇటుకలమీద కూర్చుండి, పొర ప్రక్కన పొరగా తేదీలు వ్రాసికొనసాగెను.